చలానా డబ్బు – చంటిబిడ్డకి సీటు



నెలాఖరున మనందరం ఇంటి పద్దు చూసుకుంటాం. పాలకి ఇంత, కిరాణాకొట్టుకి ఇంత, కరెంటు బిల్లుకి ఇంత, పిల్లల ఫీజులకి ఇంత అని రాసుకుంటాం. రాసిన ప్రతి రూపాయికీ ఎదురుగా ఏదో ఒకటి ఇంట్లో కనబడుతుంది. ఒక్క పద్దుకి మాత్రం ఎదురుగా ఏమీ కనబడదు. అదే ట్రాఫిక్ చలానా. హెల్మెట్టు లేదనో, సిగ్నలు దాటారనో, బెల్టు పెట్టుకోలేదనో సెల్‌ఫోనుకి చలానా వస్తుంది. ఆయన విసుక్కుంటూ కడతారు. ఆ డబ్బు ఎటు పోయిందండీ, దానివల్ల ఎవరికేం ఒరిగిందండీ అని అడిగి చూడండి. "ఖజానాకి పోయింది" అంటారు. అక్కడితో సరి.

ఈ పూట నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ డబ్బు గురించే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంవాళ్ళు ఒక రకం జరిమానాకి మాత్రం లెక్క చట్టంలోనే రాసిపెట్టారు. పసిపిల్లల్ని వాళ్ళకోసం చేసిన సీటులో కట్టి కూర్చోబెట్టకుండా కారులో తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర వసూలు చేసే జరిమానా అది. ఆ డబ్బులో పెద్దవాటా తిరిగి పసిపిల్లల సీట్ల కోసమే ఖర్చు పెట్టాలని అక్కడి చట్టం. కొనుక్కోలేనివాళ్ళకి సీటు అరువుగానో, తక్కువ ధరకో ఇప్పించాలి. దాన్ని కారులో ఎలా బిగించాలో నేర్పించాలి. తప్పు చేసినవాడి డబ్బు, ఆ తప్పు మరో ఇంట్లో జరక్కుండా చూడడానికి పోతుందన్నమాట.

వివరంగా చెబుతాను. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని కారు వెనకసీటులో, వాళ్ళ వయసుకి తగిన ప్రత్యేకమైన సీటులో కూర్చోబెట్టాలి. పిల్ల నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే మామూలు బెల్టు చాలు. రెండేళ్ళలోపు బిడ్డయితే ముఖం కారు వెనకవైపుకి ఉండేలా కూర్చోబెట్టాలని 2017 జనవరి నుంచి నిబంధన పెట్టారు. బిడ్డ మరీ బరువో పొడుగో అయితే దీన్నించి మినహాయింపుంది. తప్పితే చట్టంలో రాసిన జరిమానా మొదటిసారి 100 డాలర్లు, ఆ తర్వాత 250. కోర్టు రుసుములు కలిస్తే చివరికి కట్టేది ఇంకా ఎక్కువే అవుతుంది.

ఆ జరిమానాలో నూటికి అరవై వంతులు ఆ ఊరి ఆరోగ్యశాఖకి వెళతాయి. సీట్లు ఇప్పించడం, బిగించడం నేర్పడం ఆ డబ్బుతోనే. ఇరవై అయిదు వంతులు ఆ పథకం నడిపే ఖర్చులకి. మిగిలిన పదిహేను వంతులే మామూలు ఖజానాకి. మనం జీతం రాగానే డబ్బాల్లో వేరువేరుగా సర్ది పెట్టుకోమూ? సరిగ్గా అలాగే.

ఇంకో మంచి మాట కూడా ఉంది ఆ చట్టంలో. మొదటిసారి పట్టుబడినవాళ్ళు నిజంగా బీదవాళ్ళని తేలితే, న్యాయమూర్తి జరిమానా తగ్గించవచ్చు, మాఫీ కూడా చెయ్యవచ్చు. బదులుగా వాళ్ళు సీటు వాడకం నేర్పే తరగతికి వెళ్ళి, పూర్తిచేసినట్టు కాగితం తేవాలి. బీదవాడి దగ్గర వంద డాలర్లు గుంజితే సీటు కొనడానికి ఆ వంద కూడా లేకుండా పోతుంది కదా! ఆ సంగతి గ్రహించి రాసిన చట్టమిది.

"ఇదంతా ఎందుకమ్మా, తల్లి ఒడిని మించిన సీటుందా?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. తల్లి ఒడి గొప్పదే, కాదనను. కాని గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఠక్కున ఆగిందనుకోండి. కారు ఆగుతుంది కాని లోపలున్న మనం ఆగం. అదే వేగంతో ముందుకి పోతాం. ఆ క్షణంలో బిడ్డని పట్టి ఆపాలంటే బిడ్డ బరువుకి ఇరవై, ముప్ఫై రెట్ల బలం కావాలి. అంటే పదికిలోల బిడ్డ రెండు మూడు క్వింటాళ్ళ బస్తా అయి కూర్చుంటుంది. రెండు క్వింటాళ్ళు పట్టి ఆపగల చేతులు మనలో ఎవరికున్నాయి? ప్రేమ తక్కువై కాదు, చేతుల్లో బలం చాలక బిడ్డ జారిపోతుంది. తల్లి బెల్టు పెట్టుకోకపోతే మరీ ప్రమాదం. ఆవిడ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది.

ఈ ఒడి మాట మీద అమెరికాలోనే పెద్ద వాదన నడిచింది. అక్కడ టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అని ఒక పిల్లల డాక్టరుగారు ఉండేవారు. జిల్లా ఆరోగ్యశాఖకి అధికారి కూడా. కారు ప్రమాదాల్లో పోయే పసిపిల్లల్ని చూసి చూసి, ఇది మందులతో తీరే జబ్బు కాదు, చట్టంతోనే తీరాలని పట్టుబట్టారు. ఆయన భార్య కూడా ఆయనతోపాటు శాసనసభ్యుల చుట్టూ తిరిగింది. 1977లో చట్టం వచ్చింది, 1978 జనవరి ఒకటి నుంచి అమలయింది. అమెరికా మొత్తంమీద పిల్లల సీట్ల గురించి అదే మొదటి చట్టం. కాని శాసనసభలో ఒక సవరణ పెట్టి, పెద్దవాళ్ళు బిడ్డని చేతుల్లో పట్టుకుని కూర్చుంటే తప్పులేదు అన్నారు. చూశారా, అక్కడా మన మాటే! పట్టుకున్న చేతులు బిడ్డని కాపాడలేవని డాక్టరుగారు మళ్ళీ పోరాడితే, 1981లో ఆ మినహాయింపు తీసేశారు. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమూ అదే దారి పట్టింది. 1985 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ చట్టం వచ్చేసింది.

ఫలితం ఏమిటంటారా? సరిగ్గా బిగించిన సీటులో ఉన్న ఏడాదిలోపు బిడ్డకి ప్రమాదంలో ప్రాణాపాయం నూటికి 71 వంతులు తగ్గుతుందనీ, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకి 54 వంతులు తగ్గుతుందనీ అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క కట్టింది. ఏ టానిక్కూ ఇంత చెయ్యదు.

ఇక అరువు సంగతికి వస్తాను. "ఎరువు సొమ్ము బరువు చేటు" అని మన పెద్దవాళ్ళు అన్నమాట నిజమే. కాని అన్ని వస్తువులకీ అది చెల్లదు. బారసాలకి ఉయ్యాల ఎంతమంది కొత్తది కొన్నారు? ఒక ఇంటి ఉయ్యాలే నాలుగిళ్ళు తిరిగి, నలుగురు పిల్లల్ని ఊపి, మళ్ళీ అటక ఎక్కుతుంది. పెళ్ళికి గుండిగలూ గంగాళాలూ మనం కొంటామా? వాడకం నాలుగు రోజులు, ఖరీదు చూస్తే జాస్తి. అలాంటి వస్తువుని పదిమందీ పంచుకోవడమే తెలివి. చంటిబిడ్డ సీటూ అలాంటిదే. ఖరీదు వేలల్లో ఉంటుంది. పుట్టిన రోజునుంచి వాడే చిన్న సీటు ఏడాది, ఏడాదిన్నరకల్లా బిడ్డకి చాలకుండా పోతుంది. బిడ్డ ఎదుగుతుంది, సీటు ఎదగదు!

లెక్క వేసి చూద్దాం. ఒక సీటు ఆరువేలనుకోండి. చలానా వెయ్యి రూపాయలు. అందులో అరవై వంతులంటే ఆరువందలు. పది చలాన్లకి ఒక సీటు వస్తుంది. ఆ సీటు ఒక్కో బిడ్డకి ఏడాది చొప్పున అయిదుగురు పిల్లలకి తిరిగిందనుకుంటే, బిడ్డకి రెండు చలాన్లు పడ్డట్టు. నేర్పడానికి అయ్యే ఖర్చు వేరే వేసుకున్నా, ఒక ప్రాణానికి ఇది ఎక్కువంటారా?

మా వీధిలో ఒక పిన్నిగారు కూతురి పురిటికని కాలిఫోర్నియా వెళ్ళి ఆర్నెల్లుండి వచ్చారు. మీ ఇళ్ళల్లోనూ అలా వెళ్ళివచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. "బిడ్డని నా ఒళ్ళో పెట్టుకుంటాను, మెత్తగా శాలువా చుట్టి తీసుకొస్తాను అన్నాను. అమ్మాయి, 'అమ్మా, ఇక్కడ అలా కుదరదు' అంది. నర్సమ్మ కారు దాకా వచ్చి, సీటులో పెట్టి బెల్టులు బిగించాక గాని కదల్లేదు" అని చెప్పారు. మొదట ఆవిడకి కష్టంగానే తోచిందట, మనవణ్ణి ఒళ్ళోకి తీసుకోనివ్వరేమని. ఆ అమ్మాయివాళ్ళకి సీటు కొనుక్కునే స్తోమతుంది. కింది వాటాలో ఉన్న మరో అమ్మాయికి అదీ లేదు, మొగుడు హోటల్లో పనిచేస్తాడు. ఆ అమ్మాయి ఆరోగ్యశాఖవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు నేర్పింది నేర్చుకుని, కొద్ది డబ్బుకే సీటు తెచ్చుకుందట. "రెండిళ్ళ బిడ్డలూ ఒకేలాంటి సీటులో ఇంటికొచ్చారే అమ్మాయ్" అన్నారు పిన్నిగారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

అరువు సీటుతో చిక్కులు లేకపోలేదు. అవీ చెప్పాలి. మొదటిది, ఒకసారి పెద్ద ప్రమాదంలో చిక్కిన సీటు పైకి బాగానే కనబడ్డా లోపల బీటలు వారి ఉండవచ్చు. మళ్ళీ వాడకూడదు. ప్రమాదం జరిగినప్పుడు బిడ్డ కూర్చుని ఉన్న సీటుని మళ్ళీ అమ్మడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. రెండోది, ప్లాస్టిక్కు ఎండకీ వేడికీ పెళుసెక్కుతుంది. అంచేత సీటు ఎన్నాళ్ళు వాడవచ్చో తయారుచేసినవాళ్ళే రాస్తారు. మందుసీసా మీద తేదీ చూసుకున్నట్టే చూసుకోవాలి. మూడోది, సీటు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. వదులుగా కట్టిన సీటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ చిక్కుల వల్లనే, 1980లలో అమెరికాలో అరువు పథకాలు విరివిగా నడిచినా, తర్వాత తర్వాత చాలాచోట్ల కొత్త సీటే తక్కువ ధరకో ఉచితంగానో ఇచ్చే పద్ధతివైపు మొగ్గారు. అరువిచ్చేవాళ్ళు ప్రతి సీటుకీ ఒక చీటీ పెట్టి, ఎప్పుడు కొన్నారు, ఎవరెవరికి ఇచ్చారు, ప్రమాదం ఏమైనా జరిగిందా అని రాసుకోవాలి. మనకిది కొత్తేం కాదు. వీధి లైబ్రరీలో పుస్తకం వెనక అంటించే చీటీలాంటిదే.

ఇంకో ఆక్షేపణ కూడా ఉంది. జరిమానా డబ్బు మీద ఆధారపడితే, జనం బుద్ధిగా ఉన్నకొద్దీ నిధి తరిగిపోతుంది కదా అని. నిజమే. కాని జనం బుద్ధిగా ఉంటే సీట్ల అవసరమూ చాలావరకు తీరినట్టేగా! జ్వరం తగ్గాక మందుసీసా ఖాళీ అయిందని ఎవరైనా ఏడుస్తారా? నిధి కోసం పోలీసులు లేనిపోని చలాన్లు రాస్తారేమో అని మరో భయం. అందుకే కాలిఫోర్నియాలో ఆ డబ్బులో పెద్దవాటా ఆరోగ్యశాఖకి పంపే ఏర్పాటు చేశారు. రాసే చెయ్యి వేరు, ఖర్చుపెట్టే చెయ్యి వేరు.

సరే, మరి మన సంగతి? మన దేశంలోనూ చట్టం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. అది 2019 సెప్టెంబరు ఒకటిన అమల్లోకి వచ్చింది. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఆ వెయ్యి రూపాయలు పసిపిల్లల సీట్లకే వెళ్ళాలని మాత్రం ఆ సెక్షనులో లేదు. దండన రాశారు గాని సాయం రాయలేదు.

అలాగని దారి బొత్తిగా లేకపోలేదు. చలాన్ల డబ్బులో కొంతశాతంతో ప్రతి రాష్ట్రమూ రోడ్డు భద్రతా నిధి ఏర్పాటు చెయ్యాలని 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే డబ్బాలు వేరు చేసే ఆలోచన మన దగ్గరా ఉంది. అందులో ఒక చిన్న డబ్బా పసిపిల్లల పేర పెట్టమని అడగడమే మనం చెయ్యవలసింది. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలాన్ల మీద రాయితీ ఇస్తే జనం ఎంత ఉత్సాహంగా కట్టారో హైదరాబాదు ఆడవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డబ్బైతే వస్తోంది. దానికి ఒక మంచి గమ్యం చూపించాలి.

"కారున్నవాళ్ళకి ప్రభుత్వం సీటు అరువివ్వడమేమిటి? మాకు స్కూటరే గతి" అని ఎవరైనా అంటే నేను కాదనను. మన ఊళ్ళలో ఎక్కువ కుటుంబాలు తిరిగేది స్కూటరు మీదే. ముందు ఒకరు, మధ్యలో ఒకరు, వెనక చంటిబిడ్డతో తల్లి! వాళ్ళ కోసం కూడా నిబంధన వచ్చింది. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలకి తలకి సరిపోయే హెల్మెట్టు ఉండాలి, బిడ్డని నడిపేవారికి కట్టి ఉంచే పట్టీల చొక్కా ఉండాలి, బండి గంటకి 40 కిలోమీటర్లు మించకూడదు అని 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రకటించింది. ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఆ చొక్కా అయినా ఆ బుల్లి హెల్మెట్టు అయినా వాడేది రెండు మూడేళ్ళే. కాబట్టి అరువు నిధి పెడితే అందులో కారు సీట్లతోపాటు వీటినీ పెట్టాలి. అసలు వీటినే ముందు పెట్టాలంటాను నేను. తల్లీబిడ్డా ఆస్పత్రినుంచి ఇంటికి వెళ్ళే క్యాబుకి సీటు, తర్వాత స్కూటరుకి చొక్కా. రెండూ పురుటి ఆస్పత్రి దగ్గరే దొరికితే ఎంత బాగుంటుంది!

2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు 9,528 మంది పోయారు. వీళ్ళలో నడిచివెళ్ళేవాళ్ళూ, సైకిలు మీద వెళ్ళేవాళ్ళూ కూడా ఉన్నారనుకోండి. అయినా సగటున రోజుకి ఇరవై ఆరుగురు. ఒక స్కూలు తరగతిలో ఎంతమంది ఉంటారో తలుచుకోండి. ఏ రోజుకారోజు ఒక తరగతి గది ఖాళీ అవుతున్నట్టు.

ప్రభుత్వం చేసేలోపల మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. మీ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయి సీటు మూలపడి ఉంటే, తేదీ చూడండి. గడువుండి, ఎప్పుడూ ప్రమాదంలో చిక్కనిదైతే, పుస్తకంతో సహా తెలిసినవాళ్ళకి ఇవ్వండి. మీ అపార్టుమెంటు సంఘమో, మహిళామండలో నాలుగు సీట్లు, నాలుగు బుల్లి హెల్మెట్లు పెట్టుకుంటే పురిటికి వచ్చే ఆడపిల్లలందరికీ పనికొస్తాయి. వెనకకి తిరిగి ఉండే సీటుని మాత్రం గాలిసంచీ ఉన్న ముందుసీటులో ఎప్పుడూ పెట్టకండి. ఆ సంచీ విచ్చుకుంటే నేరుగా బిడ్డ తల వెనకే కొడుతుంది. వెనకసీటే బిడ్డ చోటు. బిగించాక అడుగుభాగం పట్టుకుని గట్టిగా లాగి చూడండి. అంగుళం మించి కదిలితే మళ్ళీ బిగించాలి. బిడ్డ ఏడుస్తోందని "ఈ ఒక్కసారికి" అని విప్పకండి. ఇంజక్షనుకి ఏడిస్తే మానేస్తామా?

చివరగా ఒక్కమాట. మీ వార్డుకి కార్పొరేటరుగారో, ఎమ్మెల్యేగారో వచ్చినప్పుడు మనం నీళ్ళ గురించీ, చెత్తబండి గురించీ అడుగుతూనే ఉంటాం. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగండి. "మావాళ్ళు కట్టిన చలాన్ల డబ్బులో మా పసిపిల్లల వాటా ఎంత?" అని. పైసా పైసా లెక్క చూసేవాళ్ళం, ఈ లెక్క అడగడానికి మనకంటే తగినవాళ్ళెవరు?

సెలవు.